వేల క్వెరీలు, ఒకటే ధార: అలర్ట్ సేవకు ఏ ఇంజిన్ పెట్టుకోవాలి?

గుంటూరు మిర్చి యార్డులో ఒక లాటు బేరం తెగిన ప్రతిసారీ ఒక రికార్డు పుట్టి మన సర్వర్‌కి చేరుతుందనుకుందాం. రకం, గ్రేడు, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, నిమ్ము శాతం, క్వింటా ధర, టైము. అంతే, ఆరు గళ్ళు. ఇవతల వైపు యాభై వేల మంది కాచుకుని ఉన్నారు. కోల్డ్ స్టోరేజీలో ఎనభై టిక్కీల తేజ రకం పెట్టుకున్న రైతు "డీలక్స్ గ్రేడు ఇరవై వేలు దాటితే నాకు మెసేజ్ రావాలి" అంటాడు. ఎగుమతిదారు గుమస్తా "334 రకం, నిమ్ము 11 లోపు, 200 టిక్కీలకి తగ్గని లాటు పడితే చెప్పండి" అంటాడు. కమీషన్ ఏజెంటుది ఇంకో గొడవ: నిన్నటి సగటు మీద ఐదొందలు తగ్గితే ఆయనకి వెంటనే తెలియాలి. (ఇక్కడి ధరలన్నీ లెక్క కోసం వేసుకున్నవే, వీటిని చూసి సరుకు బయటికి తీయకండి.)

మామూలు డేటాబేస్‌లో డేటా ఉన్నచోటే ఉంటుంది, క్వెరీ, అంటే దాన్ని అడిగే ప్రశ్న, వచ్చి అడిగి వెళ్ళిపోతుంది. ఇక్కడ అంతా తిరగబడింది. క్వెరీలు తిష్ఠ వేసుకుని కూర్చుంటాయి, డేటా వాటి ముందునుంచి పారుతుంది. 1992లోనే జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రమైన పార్క్‌లోని పరిశోధకులు టాపెస్ట్రీ అనే వ్యవస్థలో మెయిళ్ళ మీద, వార్తా సందేశాల మీద ఇలాంటి నిరంతర క్వెరీలు నడిపి చూపించారు. అప్పటినుంచీ ఈ రంగంలో జరిగిన పనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: ఒక రికార్డు వచ్చినప్పుడు దానితో సంబంధంలేని వేల క్వెరీలను అసలు ముట్టుకోకుండా ఎలా దాటేయాలి? ఈ క్వెరీలను నడిపే సాఫ్ట్‌వేర్‌ని, అంటే ఇంజిన్‌ని ఎంచుకునేటప్పుడు కూడా ఇదే అడగాలి. బ్రోచర్లలో కనిపించే "సెకనుకి ఇన్ని లక్షల ఈవెంట్లు" అనే అంకె మన పనికి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆ అంకె సాధారణంగా ఒకటో రెండో క్వెరీలతో తీసిందై ఉంటుంది.

క్వెరీల రూపాలు లెక్కపెట్టండి

యాభై వేల మంది చందాదారులున్నారంటే యాభై వేల క్వెరీలున్నాయని కంగారుపడతాం. వాటిని ఒకచోట పోసి చూడండి. "ఫలానా రకం, ఫలానా గ్రేడు, ధర ఇంత దాటితే" అనే వాక్యమే నలభై వేలసార్లు ఉంటుంది, అంకెలు మాత్రం వేరు. "ఇంతకంటే కిందకి పడితే" అనేది మరికొన్ని వేలు. నిమ్ము, లాటు సైజు కలిసినవి ఇంకొన్ని. చివరికి తేలే రూపాలు పదో పన్నెండో.

2000లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నయాగరాసీక్యూ కనిపెట్టిన కిటుకు సరిగ్గా ఇదే. ఒకే రూపంలో ఉన్న క్వెరీలను ఒక గుంపుగా చేసి, వాటిలో మారే అంకెలను, పేర్లను తీసి ఒక పట్టికలో పెట్టారు. అప్పుడు కొత్త రికార్డు వచ్చినప్పుడు చేయాల్సింది వేల క్వెరీలు నడపడం కాదు, ఆ పట్టికతో ఒక్కసారి జాయిన్ చేయడం, అంటే జత కలిపి చూడడం. క్వెరీ డేటా అయిపోయింది. డేటా అయ్యాక దానికి త్వరగా వెతికే సూచిక, అంటే ఇండెక్స్ వేయొచ్చు, వందల ఏళ్ళ అనుభవం ఉన్నట్టు మనందరికీ వచ్చిన పనే అది.

ఈ ఒక్క విషయం పట్టుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. రూపాలు తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్న చోట పట్టిక చాలు. ప్రతి చందాదారుడూ తన సొంత వాక్యం రాసుకునే చోట, అంటే మాటలు వెతకడం, "లేదా", "కానిది", బ్రాకెట్లలో బ్రాకెట్లు, అలాంటి చోట నిజమైన మ్యాచింగ్ ఇంజిన్ కావాలి. గతాన్ని గుర్తుపెట్టుకోవాల్సిన క్వెరీలు, అంటే "గంటలో ఇంత పెరిగితే", "దీని తర్వాత అది జరిగితే" లాంటివి మూడో జాతి. ఈ మూడింటినీ ఒకే ఇంజిన్‌తో లాగించాలని చూసే ప్రాజెక్టులే ఎక్కువగా బరువెక్కి కూలబడతాయి.

ఏమీ పెట్టుకోకపోవడం కూడా ఒక ఎంపికే

ఒక లెక్క వేద్దాం. యాభై వేల క్వెరీలు, సీజన్ పీక్‌లో సెకనుకి పది రికార్డులు. ప్రతి క్వెరీనీ ప్రతి రికార్డుతో పోల్చినా సెకనుకి ఐదు లక్షల పోలికలు. ర్యామ్‌లో వరసగా పేర్చిన అంకెల మీద ఇవాళ్టి ప్రాసెసర్ ఒక్క కోర్‌తోనే సెకనుకి కోట్ల పోలికలు చేసేస్తుంది. అంటే క్వెరీలను ఒక్కొక్కటిగా తిరగేసే ఉత్త ఫర్ లూప్ సరిపోతుంది! ఇది చెబితే మీటింగులో కొందరి మొహాలు మాడిపోతాయి గానీ, లెక్క లెక్కే. గో, జావా, రస్ట్, దేనిలో రాసినా పర్వాలేదు. పైథాన్‌లో అయితే నమ్‌పై లైబ్రరీ వరసల మీద చేయండి, ఒక్కో ఆబ్జెక్టుగా తిప్పొద్దు.

లూప్ ఎక్కడ చేతులెత్తేస్తుంది? పది లక్షల క్వెరీలు, సెకనుకి వెయ్యి రికార్డులు అయినప్పుడు. అది సెకనుకి వంద కోట్ల పోలికలు. అప్పుడు ఇండెక్స్ తప్పదు. ధర హద్దులను క్రమంలో పేర్చుకుంటే లక్ష హద్దుల్లో ఒక ధర ఎక్కడ పడుతుందో కనుక్కోవడానికి దాదాపు పదిహేడు పోలికలు చాలు. లక్షకి బదులు పదిహేడు. పుస్తకాల్లో గ్రూప్డ్ ఫిల్టర్ అని కనిపించేది ఈ సంగతే. 2002లో బర్క్‌లీ వాళ్ళ సీఏసీక్యూ ప్రాజెక్టులో ఒక్కో గడికి ఇలాంటి ఇండెక్స్ ఒకటి పెట్టి, వందల క్వెరీల షరతులను ఒక్క దెబ్బతో తేల్చేవారు.

పలు గళ్ళ మీద షరతులున్నప్పుడు ఇంకో పాత పద్ధతి అక్కరకొస్తుంది. ప్రతి గడికీ వేరే ఇండెక్స్. రికార్డు వచ్చాక ఒక్కో గడిలో నెగ్గిన షరతులకు వాటి క్వెరీ ఖాతాలో ఒక మార్కు. ఖాతాలో మార్కులు ఆ క్వెరీకి ఉన్న షరతుల సంఖ్యతో సమానమైతే అది తగిలినట్టు. లెక్కింపు పద్ధతి అంటారు దీన్ని. రాయడానికి రెండు రోజుల పని. దీని బలహీనత ఎక్కడంటే, "నిమ్ము 14 లోపు" లాంటి దాదాపు ప్రతి రికార్డూ నెగ్గే షరతులు వేలల్లో ఉంటే మార్కులు వేయడానికే సమయం పోతుంది. అలాంటి వదులు షరతులను చివర్లో చూసుకుని, బిగువైన షరతుతోనే ముందు వడకట్టాలి. మన ఉదాహరణలో బిగువైనవి రకం, గ్రేడు, ధర హద్దు.

పోస్ట్‌గ్రెస్: నా మొదటి ఓటు

విజయవాడ, గుంటూరుల్లో ఇలాంటి సేవ కట్టే టీములో ఇద్దరో ముగ్గురో ఉంటారు. సర్వర్ ఒకటి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎలాగూ ఉంటుంది. చందాలను, అంటే ఎవరికి ఏ అలర్ట్ కావాలన్న వివరాలను, అందులోనే ఒక పట్టికగా పెట్టేయండి. 2012లో వచ్చిన 9.2 వెర్షన్ నుంచి అందులో రేంజ్ టైపులున్నాయి. "18,000 నుంచి పైకి ఎంతైనా" అనేదాన్ని ఒక్క గడిలో దాచొచ్చు, దాని మీద పరిధులను వెతికే జిస్ట్ ఇండెక్స్ వేయొచ్చు. రకం, గ్రేడు లాంటి మామూలు గళ్ళను కూడా అదే ఇండెక్స్‌లో కలపాలంటే బీట్రీ జిస్ట్ ఎక్స్‌టెన్షన్ ఎక్కించుకోవాలి. రికార్డు రాగానే "ఈ రకం, ఈ గ్రేడు, ఈ ధర ఎవరి పరిధిలో పడింది?" అని ఒకే ఒక్క క్వెరీ.

ఇక్కడ అందరికీ కాలు జారే చోటు "ఏదైనా పర్వాలేదు" అనే చందా. గ్రేడు పట్టించుకోనివాళ్ళకి ఆ గడిని నల్‌గా, అంటే ఖాళీగా వదిలేస్తే, తర్వాత "గ్రేడు ఇది లేదా నల్" అని రాయాల్సొస్తుంది, ఇండెక్స్ వాడకం అక్కడ దెబ్బతింటుంది. అంకెలకైతే హద్దుల్లేని రేంజ్ పెట్టండి. పేర్లకైతే "అన్నీ" అనే ఒక విలువ పెట్టి, వెతికేటప్పుడు "డీలక్స్, అన్నీ" రెండింటినీ కలిపి అడగండి. చిన్న సంగతే. సిస్టం నిలబడేది మాత్రం దీనిమీదే.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది, ఇంజిన్ల పోలికల్లో దాన్ని ఎవరూ రాయరు. తేజ డీలక్స్ ఇరవై వేలు దాటిన రోజున ఆ పైన పలికే లాట్లు వందలుంటాయి. ప్రతి లాటుకీ మ్యాచ్ అవుతుంది. రైతు ఫోన్ మధ్యాహ్నం దాకా మోగుతూనే ఉంటుంది, సాయంత్రానికి మనల్ని బ్లాక్ చేస్తాడు. ఆయనకి కావాల్సింది ధర హద్దు దాటిన క్షణం, దాటి ఉన్నంతసేపూ కాదు. కాబట్టి ఒక్కో రకం, గ్రేడు జంటకి కిందటి ధర గుర్తుపెట్టుకోండి. ధర 19,700 నుంచి 20,100కి వెళ్తే ఆ రెండింటి మధ్య హద్దు పెట్టుకున్నవాళ్ళకే కబురు. దీనికి జిస్ట్ కూడా అక్కర్లేదు, విలువలను క్రమంలో పేర్చే మామూలు బీట్రీ ఇండెక్స్‌లో ఒక చిన్న ముక్క చదివితే చాలు. చదివిన ప్రతి వరసా పంపాల్సిన మెసేజే, వృథా చూపు ఒక్కటీ లేదు. ఇంతకంటే బాగా చేసే స్ట్రీమ్ ఇంజిన్ ఏదీ నాకు తెలీదు.

లాటుకీ లాటుకీ ధర పైకీ కిందకీ ఊగుతుంది కదా, ఒక లాటులో రంగు బావుంటుంది, పక్క లాటులో తాలు కాయ కలుస్తుంది. అందుకని ముడి ధర మీద హద్దులు పెట్టొద్దు. చివరి ఇరవై లాట్ల మధ్యస్థం తీసి దానిమీద పెట్టండి. ఒకసారి కబురు పంపాక ధర హద్దు కింద మూడొందలు పడేదాకా అదే మనిషికి మళ్ళీ పంపకండి. ఈ మధ్యస్థం లెక్క రకం, గ్రేడు జంటకి ఒక్కసారే జరుగుతుంది. జంటలు నలభై ఉంటాయేమో, చందాలు యాభై వేలు. ఉమ్మడిగా చేయగలిగిన పనిని ఉమ్మడిగా చేసి, విడిపోయే చోట మాత్రమే విడదీయడం అనేదే ఈ విషయం మొత్తంలో అసలు ఆదా.

పోస్ట్‌గ్రెస్‌తో జాగ్రత్తలు రెండు చెప్పి ముందుకెళ్తాను. డేటాబేస్ నుంచే కబురు వినే, పంపే ఆదేశాలు లిజన్, నోటిఫై బావుంటాయి గానీ వినేవాడి కనెక్షన్ తెగిన సమయంలో వచ్చిన కబురు పోయినట్టే, పైగా సందేశం 8,000 బైట్ల లోపే ఉండాలి. పంపాల్సిన మెసేజీలను ఒక అవుట్‌బాక్స్ పట్టికలో రాసి, పంపే వర్కర్లు స్కిప్ లాక్డ్‌తో (ఇంకొకరు పట్టుకున్న వరసలను దాటేసే ఆదేశం) తలా కొన్ని తీసుకునేలా పెట్టుకోండి. నోటిఫైని "లేవండి, పనొచ్చింది" అనే గంటగా వాడుకుంటే చాలు.

మాటలు వెతికే చందాలకు పెర్కొలేటర్

ఇప్పుడు ఉదాహరణ మారుద్దాం. అమరావతి చుట్టుపక్కల పనుల టెండర్ నోటీసులు వరసగా వస్తున్నాయి. ఒక కాంట్రాక్టరుకి "కల్వర్టు లేదా డ్రెయిన్, అంచనా రెండు కోట్ల లోపు, తుళ్ళూరు మండలం, కానీ నిర్వహణ పనులు వద్దు" కావాలి. ఇంకొకాయన వాక్యం దీనికి ఏమాత్రం పోలిక లేకుండా ఉంటుంది. దీన్ని పట్టికలో కుక్కాలని చూస్తే నలభై గళ్ళు పెట్టి నలభైలోనూ నల్‌లు నింపాలి.

ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట ఇంజిన్‌లోని పెర్కొలేటర్ ఇలాంటి చోటికే పుట్టింది. క్వెరీలనే డాక్యుమెంట్లుగా దాచుకుంటుంది. నోటీసు రాగానే దానికి ర్యామ్‌లో ఒక బుల్లి ఇండెక్స్ కట్టి, దాచుకున్న క్వెరీలతో సరిచూస్తుంది. 5.0 వెర్షన్ నుంచి క్వెరీలో ఉన్న మాటలను ముందే విడదీసి పెట్టుకుని, నోటీసులో ఆ మాటలు లేని క్వెరీలను మొదటి వడపోతలోనే వదిలేస్తుంది. దాన్నుంచి విడిపోయిన ఓపెన్‌సెర్చ్‌లో కూడా ఇది ఉంది. జావాలో పనిచేసేవాళ్ళు సర్వర్ వద్దనుకుంటే వాటి అడుగున ఉండే లూసీన్ లైబ్రరీలోని మానిటర్ మాడ్యూల్‌ని నేరుగా వాడుకోవచ్చు.

విడదీయడానికి మాటలే లేని క్వెరీ దీని బలహీనత. "నిర్వహణ పని కానిది ఏదైనా" అన్న క్వెరీ ప్రతి నోటీసుకీ పూర్తిగా నడుస్తుంది. స్క్రిప్టులు పెట్టిన క్వెరీలూ అంతే. చందా ఫారంలోనే కనీసం ఒక మాటో, ఒక మండలమో తప్పనిసరి చేయండి, సగం బాధ వదులుతుంది. కొత్త చందా వెంటనే పనిచేయదని కూడా గుర్తుంచుకోండి, మామూలు సెట్టింగులో రిఫ్రెష్‌కి ఒక సెకను పడుతుంది. టెండర్లకు ఇది లెక్కలోకి రాదు.

ఉత్త ధరల అలర్టులకు మాత్రం పెర్కొలేటర్ వద్దు. చేయలేదని కాదు. ఒక బీట్రీ చేసే పనికి జావా హీప్‌ని, అంటే దాని మెమరీని సాకడం ఎందుకని.

గూడుకట్టిన డేటా వస్తే

ఆరు గళ్ళ రికార్డు సుఖం. జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ లాంటిది జేసన్ అనే ఫార్మాట్‌లో వస్తుంది, ఒక ఇన్‌వాయిస్ లోపల ఐటంల జాబితా, ఒక్కో ఐటంలో సరుకేదో చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడు, పరిమాణం, విలువ. "ఎండుమిర్చి కోడు 0904 ఉన్న ఐటం విలువ ఐదు లక్షలు దాటితే" అన్న క్వెరీ చూడ్డానికి తేలిక. జాబితాను చదును చేసి కోడులన్నీ ఒక గడిలో, విలువలన్నీ ఒక గడిలో పోస్తే తప్పు మ్యాచ్ వస్తుంది: మిర్చి ఐటం లక్షదే, పక్కనున్న పసుపు ఐటం ఆరు లక్షలది, అయినా అలర్ట్ మోగుతుంది. ఎలాస్టిక్‌లో అయితే ఐటంలను విడివిడిగా ఉంచే నెస్టెడ్ టైపు వాడాలి. మిగతా అన్నిచోట్లా నా సలహా, గుమ్మం దగ్గరే ఒక్కో ఐటంని ఒక్కో రికార్డుగా విడగొట్టి, ఇన్‌వాయిస్ వివరాలు ప్రతిదానికీ అతికించండి. తర్వాతి పనంతా చదునైపోతుంది.

విడగొట్టలేని లోతైన చెట్లు, ఎప్పుడు ఏ కొమ్మ వస్తుందో తెలియనివి, డేటాని చెట్టులా రాసే ఎక్స్ఎంఎల్ ఫార్మాట్ కాలంలో బాగా నలిగాయి. 2000లో వచ్చిన ఎక్స్‌ఫిల్టర్ ఒక్కో దారి క్వెరీకి ఒక్కో స్టేట్ మెషిన్ (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మెట్టు మెట్టుగా నడిచేది) కట్టింది. ఆ తర్వాత అదే బృందంలోని వాళ్ళు వైఫిల్టర్‌లో వాటన్నిటినీ ఒకే నాన్‌డిటర్మినిస్టిక్ (ఒకేసారి పలు స్థితుల్లో ఉండగల) మెషిన్‌గా కలిపేశారు. రెండు క్వెరీల దారులు మొదటి మూడు మెట్లలో ఒకటే అయితే ఆ మూడు మెట్లూ ఒక్కసారే నడుస్తాయి. దాన్ని పూర్తిగా డిటర్మినిస్టిక్ (ఎప్పుడూ ఒకే స్థితిలో ఉండేది) చేయబోతే స్టేట్లు పేలిపోతాయి కాబట్టి, డేటాలో నిజంగా ఎదురైన స్టేట్లనే అప్పటికప్పుడు కట్టుకునే సోమరి పద్ధతి 2003లో వచ్చింది. ఇవాళ ఇది నేరుగా కొనుక్కునే సరుకు కాదు, అవసరమైతే రాసుకోవాల్సింది. చాలామందికి అవసరం పడదు.

ఫ్లింక్: ఎప్పుడు అవును, ఎప్పుడు వద్దు

స్ట్రీమింగ్, అంటే పారే డేటా మీద లెక్కలు, అనగానే నోట వచ్చే పేరు ఫ్లింక్. గొప్ప యంత్రమే. స్టేట్‌ని, అంటే అప్పటిదాకా గుర్తుపెట్టుకున్నదాన్ని, జాగ్రత్తగా దాస్తుంది, చెక్‌పాయింట్లతో పడిపోయిన చోటునుంచి లేస్తుంది, ఆలస్యంగా వచ్చిన రికార్డులను అవి పుట్టిన టైము ప్రకారం సరైన కిటికీలో, అంటే కాల వ్యవధిలో వేస్తుంది. యార్డులో నెట్ పోయి పావుగంట రికార్డులు ఒక్కసారిగా వచ్చిపడినా, అంత ఆలస్యాన్ని ముందే అనుమతించి ఉంటే, "గంటలో ఎంత పెరిగింది" అనే లెక్క తప్పదు. ఈ చివరి గుణం కావాల్సినవాళ్ళకి దీని ఖరీదు న్యాయమే.

వేల క్వెరీల విషయంలో మాత్రం ఒక భ్రమ ఉంది. ఫ్లింక్‌లో 2018లో, 1.5 వెర్షన్‌లో, బ్రాడ్‌కాస్ట్ స్టేట్ వచ్చింది: చందాలను ఇంకో స్ట్రీమ్‌గా పంపితే పక్కపక్కన పనిచేసే ప్రతి టాస్కుకీ ఒక నకలు చేరుతుంది, జాబ్ ఆపకుండా రూల్స్ మార్చుకోవచ్చు. బావుంది. అయితే ఆ నకలు ఉత్త మ్యాప్. వచ్చిన ప్రతి రికార్డుకీ ఆ మ్యాప్ మొత్తాన్ని తిప్పే లూప్ మీరే రాస్తారు. అంటే మనం పైన చూసిన ఫర్ లూపే, ఈసారి క్లస్టర్ మీద! పైగా ఆ స్టేట్ ప్రతి టాస్కు ర్యామ్‌లోనూ ఉండాలి, డిస్క్ మీద దాచే రాక్స్‌డీబీలోకి దిగదు. ఇండెక్స్ కావాలంటే లోపల మీరే కట్టుకోవాలి. ఫ్లింక్ వేగం మీ మ్యాచింగ్‌ని వేగవంతం చేయదు.

రకం ప్రకారం కీ వేసి పంచుదామంటే మన దగ్గర ఇంకో తంటా. యార్డుకి వచ్చే సరుకులో తేజ వాటా పెద్దది. తేజ రికార్డులన్నీ ఒకే టాస్కుకి పోతాయి, మిగతావి గోళ్ళు గిల్లుకుంటాయి. రకంతోపాటు గ్రేడునో, చందాదారుల గుంపు నంబరునో కీలో కలపాలి.

కాఫ్కా అనే సందేశాల వ్యవస్థ మీద క్వెరీలు నడిపే కేసీక్వల్‌డీబీ లాంటివాటిలో ప్రతి చందాకీ ఒక నిరంతర క్వెరీ సృష్టించే ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి. అందులో ఒక్కో క్వెరీ మామూలుగా తన సొంత కాఫ్కా స్ట్రీమ్స్ ప్రోగ్రాంగా నడుస్తుంది. పెళ్ళి భోజనాల్లో ప్రతి విస్తరికీ ఒక పొయ్యి వెలిగించినట్టుంటుంది. ఫ్లింక్‌లో చందాకో జాబ్ పెట్టినా అంతే.

మెటీరియలైజ్, రైజింగ్‌వేవ్, ఎస్పర్, డ్రూల్స్

మెటీరియలైజ్, రైజింగ్‌వేవ్ రెండూ పోస్ట్‌గ్రెస్ లాగే పలకరిస్తాయి, వ్యూలను, అంటే దాచి ఉంచిన క్వెరీ ఫలితాలను, మార్పు మేరకే ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉంటాయి. వీటితో సరైన వాడకం: చందాలు ఒక పట్టిక, ధరలు ఒక స్ట్రీమ్, రెండిటి జాయిన్ ఒక వ్యూ. యాభై వేల వ్యూలు కాదు, ఒక్కటే. చిక్కు ఏమిటంటే ఇలాంటి జాయిన్లు "సమానం" అనే షరతు మీద నడుస్తాయి. రకం, గ్రేడు సమానమైన చందాలన్నీ ముందు బయటికొస్తాయి, "ధర దాటిందా" అనేది ఆ తర్వాత ఫిల్టర్. తేజ డీలక్స్‌కి ఇరవై వేల చందాలుంటే ప్రతి లాటుకీ ఇరవై వేలూ కదులుతాయి. హద్దులను ఐదొందల మెట్లుగా సర్ది, కిందటి ధర నుంచి ఇప్పటి ధర దాకా తగిలిన మెట్ల నంబర్లను కూడా సమానం షరతులో చేర్చితే ఈ బరువు దిగుతుంది. వీటి అసలు బలం సగటులు, ర్యాంకులు, పలు స్ట్రీముల కలయికలు, "ఇవాళ ఏ రకం ఎంత వచ్చింది" లాంటి బోర్డులు. లైసెన్సు చూసుకోండి: రైజింగ్‌వేవ్ అపాచీ 2.0, మెటీరియలైజ్ వేరే షరతులతో వస్తుంది.

ఎస్పర్ ఒక జావా లైబ్రరీ. ఒకే యంత్రంలో, వేల స్టేట్‌మెంట్ల ఫిల్టర్లను లోపల తానే ఇండెక్స్ చేసుకుంటుంది. "దీని తర్వాత పది నిమిషాల్లో అది రాకపోతే" లాంటి వరస క్వెరీలు వందల రూపాల్లో ఉంటే ఫ్లింక్ కంటే ముందు దీన్ని చూడమంటాను. జీపీఎల్ లైసెన్సు మీ ఉత్పత్తికి సరిపోతుందో లేదో మాత్రం ముందే తేల్చుకోండి.

రూల్స్ నడిపే ఇంజిన్ డ్రూల్స్‌కి మూలం ఛార్లెస్ ఫోర్గీ రీట్ అల్గారిథం. చాలాసేపు నిలిచే వాస్తవాలను ఒకదానితో ఒకటి కలిపి నిర్ణయాలు తీసుకునే చోట, ఉదాహరణకి లోన్ అర్హతల్లో, అది దిట్ట. వచ్చి వెళ్ళిపోయే ధరల రికార్డులకు ఆ జ్ఞాపకమంతా మోయాల్సిన బరువే.

మ్యాచింగ్ అయ్యాక అసలు పరీక్ష

ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ఆ నీటి లెక్కల మీద అలర్ట్ సేవ కట్టారనుకోండి. క్వెరీల రూపం ఒక్కటే, హద్దులు కూడా జనమంతా అవే రెండు ఎంచుకుంటారు. మ్యాచింగ్ మిల్లీసెకన్లో అయిపోతుంది. ఆ క్షణంలో చందాదారులందరికీ ఒకేసారి మెసేజ్ పోవాలి. 2024 సెప్టెంబరు వరదలో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి రాత్రి నిలబడాల్సింది పంపే వరస, మ్యాచింగ్ ఇంజిన్ చేసే పని ఏమీ మిగలదు. మెసేజీలు పంపే గేట్‌వే సెకనుకి ఎన్ని తీసుకుంటుందో, నదికి దగ్గరవాళ్ళకి ముందు పంపే ప్రాధాన్యం మీ క్యూలో ఉందో లేదో, అప్పుడు తెలుసుకుంటే ఆలస్యం.

తెలుగులో పంపే ఎస్ఎంఎస్ యూనికోడ్ కాబట్టి ఒక భాగానికి 70 అక్షర స్థానాలే, ఇంగ్లీషుకైతే 160. గుణింతాలూ ఒత్తులూ వేరువేరుగా లెక్కకొస్తాయి, చూస్తుండగానే రెండో భాగంలోకి పోతుంది, ఖర్చు రెట్టింపు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల కింద వాక్యం నమూనాని టెలికాం కంపెనీల డీఎల్‌టీ వ్యవస్థలో ముందే రిజిస్టర్ చేయించాలి కూడా. అందుకే వాక్యం చిన్నదిగా, మారే గళ్ళు కొద్దిగా ఉండేలా చూసుకోండి. "తేజ డీలక్స్ 20,100. మీ హద్దు 20,000." ఇది ఒక భాగంలో ఇమిడిపోతుంది.

ఇక ఎవరికి ఏది? ధర, కొలత లాంటి అంకెల హద్దులే మీ క్వెరీలైతే, పది లక్షల చందాల దాకా, పోస్ట్‌గ్రెస్‌లో పట్టిక పెట్టి దాటిన క్షణాన్ని పట్టుకోండి. అది ఇబ్బంది పెట్టే రోజున అవే హద్దులను ఒక ప్రాసెస్ ర్యామ్‌లో క్రమంలో పేర్చుకోండి, పట్టిక అసలు రికార్డుగా ఉండనివ్వండి. మాటలు, ఎవరికి వారి వాక్యాలు ఉంటే పెర్కొలేటర్. వరసగా జరిగే ఘటనల మీద షరతులుంటే ఎస్పర్. స్టేట్ ఒక యంత్రంలో పట్టకపోయినా, ఆలస్యపు రికార్డులతో లెక్క తప్పకూడదన్నా అప్పుడు ఫ్లింక్, అదీ ఫ్లింక్‌ని చూసుకునే మనిషి ఒకరు టీములో ఉంటేనే. బోర్డులు, సగటులు అలర్టులతో కలిసి కావాలంటే రైజింగ్‌వేవ్ లాంటిది.

ఖాయం చేసుకునే ముందు ఒక పరీక్ష నడపండి. సీజన్‌లో రద్దీగా ఉన్న ఒక రోజు రికార్డులు తీసుకుని ఇరవై రెట్ల వేగంతో వదలండి. చందాలను కల్పించేటప్పుడు హద్దులను సమానంగా చల్లొద్దు. నిజం మనుషులు 18,000, 20,000, 25,000 లాంటి గుండ్రని అంకెల దగ్గరే గుమిగూడతారు, ఆ గుంపు దాటిన క్షణంలోనే సిస్టం ఊపిరి బిగబడుతుంది. చూడాల్సిన కొలత సగటు సమయం కాదు. ఒక్కో రికార్డుకి మీ ఇంజిన్ ముట్టుకున్న క్వెరీలు ఎన్ని, వాటిలో నిజంగా తగిలినవి ఎన్ని అని రెండు అంకెలు లాగ్‌లో రాయించండి. ఇరవై వేలు ముట్టుకుని ముగ్గురికి కబురు పంపుతుంటే ఇంకో సర్వర్ కొనకండి, ఇండెక్స్ ఏ గడి మీద లేదో వెతకండి.